భోజనాలకు ముందు నేను మాట్లాడిన రెండు మాటలు

ఒక చిన్న కంపెనీని ముంచాలంటే పెద్ద కంపెనీలు నానా తంటాలు పడతాయి. ధరలు తగ్గిస్తాయి, ప్రకటనలు గుప్పిస్తాయి, డీలర్లకు విదేశీ యాత్రలు ఎర చూపిస్తాయి. అంత శ్రమ అక్కర్లేదని నిరూపించినదాన్ని నేను. ఒక మైకు, ఒక ప్రొజెక్టరు, ఎదురుగా ఆకలి మీదున్న జనం దొరికితే చాలు, అరగంటలో పని పూర్తవుతుంది. పైగా నేను ముంచింది శత్రువును కాదు. మా విభాగం చరిత్రలో నిజంగా మాతో చేయి కలిపిన ఏకైక పారిశ్రామికవేత్తను. ఈ ఘనకార్యం ఎలా సాధించానో వివరంగా చెబుతాను. మీలో ఎవరైనా విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లుంటే కొంచెం నీళ్లు తాగి కూర్చోండి.

అప్పట్లో నేను కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ని. సివిల్ ఇంజనీరింగ్ విభాగం, భవన నిర్మాణ సామగ్రి ల్యాబు. ఉద్యోగం క్యాంపస్‌లో, ఇల్లు తార్నాకలో, నడుమ రోడ్డు దాటడం ఒక్కటే నా జీవితంలోని సాహసం. ఇంట్లో నేనూ మా అమ్మా. అమ్మ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది కానీ పాఠం చెప్పడం మాత్రం మానలేదు. ఇప్పుడు ఆ తరగతిలో నేనొక్కదాన్నే విద్యార్థిని.

ఆ ఏడాది మా విభాగానికి గ్రేడు ఇవ్వడానికి ఢిల్లీ నుంచి ఒక బృందం వస్తోంది. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, “పరిశ్రమలతో మీ సంబంధాలు ఎలా ఉన్నాయి?” మా సంబంధాలు దివ్యంగా ఉన్నాయి. ఏడాదికొకసారి ఎవరో ఒక కంపెనీ పెద్దమనిషిని పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసుకుని, ఆయన ఏం చెప్పాడో వినకుండా పంపించేవాళ్లం. మిగతా రోజుల్లో మా గడప తొక్కే పరిశ్రమ ప్రతినిధి లిఫ్టు మెకానిక్ ఒక్కడే.

మా విభాగాధిపతి విశ్వనాథం గారికి నిద్ర పట్టడం మానేసింది. కనిపించిన వాళ్లనల్లా ఆపి అడిగేవారు.

“ఏమ్మాయ్, పరిశ్రమలో నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“మా పిన్ని కొడుకు బిస్కెట్ల కంపెనీలో ఉన్నాడు సార్.”

“బిస్కెట్లతో బిల్డింగులు కట్టం కదమ్మా.”

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం తెల్ల డబ్బా ఒకటి చేత్తో పట్టుకుని ఒకాయన మా వరండాలో ప్రతి గదిలోకీ తొంగి చూస్తూ కనిపించాడు. పేరు యాదగిరి. ఒకప్పుడు ఇళ్లకు రంగులు వేసేవాడట. తర్వాత కాంట్రాక్టులు. ఇప్పుడు నాచారంలో చిన్న షెడ్డు వేసుకుని సొంతంగా పెయింటు తయారు చేస్తున్నాడు. డాబా మీద వేస్తే వాన నీళ్లు ఇంట్లోకి కారకుండా ఆపే పెయింటు. దానికి ‘పక్కా ఛత్రి’, అంటే గట్టి గొడుగు, అని తనే పేరు పెట్టుకున్నాడు.

“మేడం, గిది మంచిగున్నదా లేదా చూసి ఒక కాయితం ఇస్తరా? డీలర్లు నమ్ముతలేరు,” అన్నాడు.

నేను విశ్వనాథం గారి గదిలోకి పరిగెత్తాను. “సార్! పరిశ్రమ వచ్చింది!”

“ఎక్కడ?”

“వరండాలో నిలబడింది సార్.”

ఆయన లేచి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటికి వచ్చారు. యాదగిరి గారిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, తన కుర్చీకి ఎదురుగా ఉన్న ఫైళ్లన్నీ నేల మీదికి దింపి కూర్చోబెట్టారు. క్యాంటీన్ నుంచి సమోసాలు వచ్చాయి. మా ఇంటికి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు కూడా అంత మర్యాద జరగలేదు.

“ఎన్ని దినాలైతది సార్?” అని అడిగాడు యాదగిరి గారు.

“తొందరేముంది! ఒక పీహెచ్‌డీ విద్యార్థిని పెడదాం. నాలుగేళ్లలో బ్రహ్మాండంగా తేల్చేస్తారు.”

యాదగిరి గారి చేతిలో సమోసా నోటి దగ్గరే ఆగిపోయింది. “నాలుగేండ్లా? సార్, వానలు జూన్‌ల వస్తయి.”

“ఏ సంవత్సరం జూన్?” అన్నారు విశ్వనాథం గారు ఎంతో అమాయకంగా.

వచ్చిన పరిశ్రమ సమోసా తిని పారిపోయేలా ఉందని నాకు అర్థమైంది. వెంటనే అడ్డుపడి, నేనే స్వయంగా చేస్తాననీ, వానలకు ముందే ఫలితం చెబుతాననీ మాట ఇచ్చాను. ఆ తర్వాత బుద్ధిగా నోటు పుస్తకం తెరిచి మొదటి ప్రశ్న వేశాను.

“మంచిగా ఉండటం అంటే మీ నిర్వచనం ఏమిటండీ?”

“లీకు కావొద్దు మేడం.”

“ఎంత నీటికి? ఎంతసేపటికి? ఏ ఉష్ణోగ్రతలో? ఉపరితలం వాలు ఎంత?”

ఆయన నా వంక కాసేపు జాలిగా చూశాడు. “మేడం, వాన పడ్తది. ఇంట్ల నీళ్లు పడొద్దు. గంతే.”

అలా మొదలైంది మా సహకారం. ల్యాబులో సిమెంటు పలకలు పోశాం, పెయింటు వేశాం, పైన షవర్లు బిగించి నీళ్లు వదిలాం. యాదగిరి గారు ఒకరోజు విడిచి ఒకరోజు ఫ్లాస్కులో ఇరానీ చాయ్ పట్టుకుని వచ్చేవాడు.

“ఏమన్న తేలిందా మేడం?”

“డేటా వస్తోందండీ.”

“మొన్న గూడ వస్తున్నదన్నరు. యాడికెళ్లి వస్తున్నది గంత దూరంకెళ్లి?”

నవ్వుకునేవాళ్లం. ఆయన నా గ్రాఫులను తలకిందులుగా పట్టుకునేవాడు, నేను ఆయన బ్రష్షును తలకిందులుగా పట్టుకునేదాన్ని. కానీ ఎండలు ముదిరేసరికి ఒకరి భాష ఒకరికి కొంచెం పట్టుబడింది. ఆయన మీద నాకు నిజంగా అభిమానం కలిగింది. ఫలితం కూడా అద్భుతంగా వచ్చింది. పెయింటు వేసిన పలకల్లో నుంచి ఒక్క చుక్క దిగలేదు. ఈ మాట చెప్పిన రోజున ఆయన కళ్లు తుడుచుకుని, “ఇగ నేను బేఫికర్ మేడం,” అన్నాడు.

ఏ చింతా లేని ఆ బేఫికర్‌లో ఆయన ఏం చేశాడో వినండి. మా ఫలితాన్ని నమ్ముకుని రాత్రింబవళ్లు మిషన్లు నడిపించి గోడౌను నిండా సరుకు నింపేశాడు. ఈ వ్యాపారంలో ఏడాది మొత్తం వానలకు ముందు ఒక్క రోజులో తేలిపోతుంది. డీలర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, సరుకు చూపించి, భోజనం పెట్టి ఆర్డర్లు రాయించుకోవాలి. ఆ రోజు రాయకపోతే దుకాణాల్లో ఆ అర పెద్ద కంపెనీ డబ్బాలకు వెళ్లిపోతుంది. పక్కా ఛత్రి మళ్లీ ఏడాది దాకా గోడౌన్లోనే ముడుచుకుని కూర్చోవాలి. షెడ్డు మూసేసి మళ్లీ బ్రష్షు పట్టుకోవాల్సిందేనని ఆయనే నాతో అన్నాడు. ఇటు మా సంగతీ అంతే. సీజను బాగుంటే ఆయన మా విభాగంతో ఒప్పందం మీద సంతకం పెడతానన్నాడు, ల్యాబుకు కొత్త మిషన్ ఇప్పిస్తానన్నాడు. విశ్వనాథం గారు ఢిల్లీ బృందానికి ఆ ఒప్పందం గురించి అప్పుడే ఫోన్లో చెప్పేశారు కూడా.

“మేడం, మీటింగుకు మీరొచ్చి భోజనాలకు ముంగట రెండు మాటలు మాట్లాడాలె. రెండే,” అన్నాడు యాదగిరి గారు. ఆ ‘రెండే’ని నేను వినయం అనుకున్నాను.

ముందురోజు ఇంట్లో అమ్మను కూర్చోబెట్టి నా ఉపన్యాసం రిహార్సల్ చేశాను. సగంలోనే అమ్మ చెయ్యెత్తింది.

“ఇంత సోది ఎందుకే? పెయింటు బాగుందని చెప్పి దిగిపో.”

“అలా చెప్పకూడదమ్మా. మా పద్ధతి ప్రకారం చివర్లో పరిమితులు చెప్పాలి. మనం ఏం చేయలేదో, మనకు ఏం తెలియదో మనమే ఒప్పుకోవాలి. లేకపోతే రివ్యూయర్లు చీల్చి చెండాడతారు.”

“అక్కడికి రివ్యూయర్లు ఎవరొస్తారే? బిర్యానీకి వస్తారు.”

కన్నతల్లి మాట వినుంటే ఈ కథే లేదు. మాలాంటి వాళ్లకు ఇదొక జబ్బు. “ఈ రోజు సోమవారం” అని రాసినా, కింద “అయితే దీన్ని ధ్రువీకరించడానికి మరిన్ని పరిశోధనలు అవసరం” అని రాయనిదే మాకు తృప్తి ఉండదు.

తార్నాకలోనే ఒక ఫంక్షన్ హాల్. నల్లకుంట నుంచి, సీతాఫల్‌మండి నుంచి, మెట్టుగూడ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో హార్డ్‌వేర్ దుకాణాల యజమానులు వచ్చారు. ముందు వరసలో అందరికీ పెద్ద దిక్కు ఖాదర్ భాయ్, నల్లకుంటలో పాత దుకాణం ఆయనది. ఆయన రాస్తే మిగతావాళ్లు రాస్తారు, ఆయన లేస్తే మిగతావాళ్లు లేస్తారు. ఆయన పక్కనే మా విశ్వనాథం గారు, కొత్త కోటులో. హాలు వెనక నుంచి బిర్యానీ వాసన ఆగి ఆగి వస్తోంది. నాకు శాలువా కప్పి, చేతికి మైకు ఇచ్చారు.

మొదటి పది నిమిషాలు నేను ఝాన్సీ రాణిని. పలకల ఫొటోలు చూపించాను. ఒక్క చుక్క దిగలేదన్నాను. హాలు చప్పట్లతో మోగింది. యాదగిరి గారు స్టేజీ పక్కన కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతున్నాడు. ఖాదర్ భాయ్ జేబులోంచి పెన్ను తీశాడు. నేను అక్కడ ఆగి, దండం పెట్టి దిగుంటే ఎంత బాగుండేది! కానీ నేను బటన్ నొక్కాను. తెర మీద పెద్ద అక్షరాలతో వచ్చింది, ‘ఈ అధ్యయనం పరిమితులు’.

“మొదటిది,” అన్నాను గొంతు సవరించుకుని, “ఈ పెయింటును మేము వానలో పరీక్షించలేదు.”

ఖాదర్ భాయ్ పెన్ను గాల్లో ఆగింది. “జర ఆగుండ్రి మేడం. వాన పెయింటును వానల టెస్ట్ జెయ్యలేదా?”

“సహజ వర్షంలో చేయలేదండీ. ఈసారి ఎండాకాలంలో ఒక్క చినుకు కూడా పడలేదు కదా.”

“మరి దేంట్ల జేసిండ్రు?”

“షవరు కింద.”

“అంటే బాత్రూంల టెస్ట్ జేసిండ్రన్నట్టు.”

హాలు గొల్లుమంది. నేను హుందాగా చిరునవ్వు నవ్వి రెండో పరిమితికి వెళ్లాను. పరీక్షించింది చిన్న పలకలనే తప్ప నిజమైన ఇళ్ల పైకప్పులను కాదన్నాను. మూడోది ఇంకా శ్రద్ధగా చదివాను. డబ్బా మీద అయిదేళ్ల గ్యారంటీ అని ఉన్నా మేము చూసింది కొన్ని వారాలేననీ, ఆ తర్వాత ఏమవుతుందో ప్రస్తుతానికి సైన్సుకు తెలియదనీ చెప్పాను.

“సైన్స్‌కు తెల్వకపోయినా మాకు తెలుస్తది మేడం,” అన్నాడు మెట్టుగూడ డీలరు వెనక నుంచి. “కస్టమర్ వచ్చి గల్లా పట్టుకుంటడు.”

యాదగిరి గారు గబగబా స్టేజీ ఎక్కాడు. ముఖం నిండా చెమట. “మేడం జోక్ చేస్తున్నరన్నా! మస్తు జోకులేస్తరు మా మేడం!”

ఇక్కడైనా నోరు మూసుకోవచ్చు కదా అని మీరనుకుంటున్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. “జోకు కాదు యాదగిరి గారూ. ఇది సైన్సు. మేము రాసిచ్చిన ప్రతి పరిమితీ నిజం,” అన్నాను మైకులో. ఆయన రెండు చేతులూ జోడించాడు. అది ఆయన నన్ను అభినందించడమేనని నమ్మాను.

మంట ఆరేలోపు నెయ్యి పోయడానికి మా విశ్వనాథం గారు లేచారు. జీవితంలో ఏ సెమినార్‌లోనూ ప్రశ్న అడగకుండా కూర్చున్న మనిషి కాదాయన.

“అమ్మాయ్, శాంపిళ్లు అన్ని తక్కువ తీసుకుంటే ఈ ఫలితం యాదృచ్ఛికంగా వచ్చింది కాదని ఎలా అనగలవు?”

“అనలేం సార్. అందుకే నాలుగో పరిమితి పెట్టాను.”

“గ్రాఫులో ఎర్రర్ బార్లు లేవేం?”

“ఉన్నాయి సార్, చిన్న గీతలు. జూమ్ చేస్తే కనిపిస్తాయి.”

“చెయ్యి మరి!”

చేశాను. ఇద్దరం కలిసి తెర దగ్గర నిలబడి వేలితో చూపించుకుంటూ వాదించుకున్నాం. చాలా మంచి చర్చ అది, ఇప్పటికీ అంటాను. తీరా ఇటు తిరిగి చూస్తే హాల్లో కుర్చీలే మిగిలాయి. జనమంతా బిర్యానీ దగ్గర ఉన్నారు. తిన్నవాళ్లు చేతులు కడుక్కుని యాదగిరి గారి భుజం తట్టి ఒకే మాట చెప్పి వెళ్లిపోతున్నారు. “వచ్చేయేడు చూద్దాం అన్నా. యూనివర్సిటీవాళ్లు ఇంక రీసెర్చ్ జెయ్యాలంటున్నరు గద.”

ఆర్డర్లు రాసుకునే బల్ల దగ్గర యాదగిరి గారు ఒక్కడే నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్లాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన తల ఎత్తి, “తిన్నరా మేడం?” అన్నాడు. ఆ ఒక్క మాటతో నాలో ఉన్న శాస్త్రజ్ఞురాలు ఎక్కడికి పోయిందో తెలియదు, కళ్ల నిండా నీళ్లతో ఒక తెలివితక్కువ ఆడపిల్ల మాత్రం మిగిలింది.

ఆటోలో విశ్వనాథం గారు నన్ను ఓదార్చారు. “మనం అబద్ధం చెప్పలేదు కదమ్మా.” నిజమే. మేము చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ మనిషి షెడ్డు మూతపడటం కూడా అంతే నిజం కాబోతోంది.

మర్నాడు క్లాసులు ఎగ్గొట్టి నల్లకుంట వెళ్లాను. ఖాదర్ భాయ్ దుకాణంలో మేకుల సంచుల మధ్య స్టూలు మీద కూర్చుని, గణాంకాల్లో విశ్వాస అంతరం అంటే ఏమిటో, పరిమితి చెప్పినంత మాత్రాన సరుకు చెడ్డదని ఎందుకు అర్థం కాదో, ఆయనకు మొదటి నుంచి వివరించడం మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా విని, ఎవరికో తాళం కప్ప అమ్మి, మళ్లీ విని, చివరికి ఒకే ప్రశ్న అడిగాడు.

“గవన్నీ ఇడ్సిపెట్టుండ్రి మేడం. మీ ఇంటి మీద వేసుకుంటరా ఈ పెయింటు?”

“ఎప్పుడో వేసుకున్నాను! రెండు నెలలైంది. మా డాబా ప్రతి వానకీ కారేది, అందుకే డబ్బాలు కొని వేయించాను.”

ఖాదర్ భాయ్ నన్ను ఎగాదిగా చూశాడు. “యా అల్లా! గా ముచ్చట స్టేజీ మీద ఎందుకు చెప్పలే?”

“అది ఒక్క ఇల్లేనండీ. పైగా వేశాక వాన పడలేదు. దాన్ని డేటా అనరు.”

“డేటా కాదు మేడం. భరోసా అంటరు దాన్ని.” ఆయన స్టూలు దగ్గరున్న మేకుల సంచి పక్కకు జరిపాడు. “సరే. ఫస్ట్ వాన పడంగనే మేమొస్తం. మీ ఇల్లు చూస్తం. నీళ్లు కారకపోతే రాస్తం, కారితే యాదగిరికి మీరే చెప్పుకోండ్రి.”

యాదగిరి గారికి ఫోన్ చేసి చెప్పాను. “మేడం, మీరైతే ఏం మాట్లాడరు గద ఆ రోజు?” అని మాత్రం అడిగాడు.

ఆ తర్వాత నేను మబ్బు కోసం చూసినంతగా ఏ రైతూ చూసి ఉండడు. పది రోజులు గడిచాయో లేదో, ఒక మధ్యాహ్నం గాలి లేచి, ఆకాశం నల్లబడి, తార్నాక చౌరస్తా అంతా ఒక్కసారిగా నీళ్లయింది. అమ్మ అన్నం తిని తన గదిలో పడుకుంది. అరగంట కాలేదు, గేటు ముందు స్కూటర్లు, ఒక ఆటో, ఒక వ్యాను. ఖాదర్ భాయ్ ముందు, వెనక డీలర్లు, వాళ్ల వెనక చెప్పులు చేతిలో పట్టుకుని యాదగిరి గారు, ఎవరు పిలిచారో తెలియదు కానీ గొడుగుతో విశ్వనాథం గారు.

అందరూ తలలు పైకెత్తి హాలంతా తిరిగారు. సీలింగు పొడిగా ఉంది. వంటగదికి వెళ్లారు, ఒకాయన కుర్చీ ఎక్కి చేత్తో తడిమి చూశాడు. పొడి. నా గది, పొడి. బయట కుండపోత, లోపల చుక్క లేదు. ఖాదర్ భాయ్ తల ఊపడం మొదలుపెట్టాడు. యాదగిరి గారి పెదాలు ఏదో దేవుణ్ణి తలుచుకుంటున్నాయి.

సరిగ్గా అప్పుడు మా అమ్మ గదిలోంచి కేక వినిపించింది. “ప్రభువా! నా మంచం! ఒసేయ్, నా మంచమంతా తడిసిపోయిందే!”

అందరం పరిగెత్తాం. సీలింగు మధ్య నుంచి నీళ్లు ధారగా అమ్మ దుప్పటి మీద పడుతున్నాయి. అమ్మ తలగడ గుండెకు హత్తుకుని గోడకు ఆనుకుని నిలబడింది. యాదగిరి గారు గుమ్మంలోనే కూలబడ్డాడు. “ఇగ ఖతం,” అన్నాడు.

“అద్భుతం!” అని నేను చప్పట్లు కొట్టాను.

గదిలో ఉన్నవాళ్లంతా నా వంక తిరిగారు. నేను ఆపుకోలేకపోయాను. “ఈ గది మీద పెయింటు వేయించలేదండీ! కావాలనే వదిలేశాను! పోల్చి చూసుకోవడానికి వేయని చోటు ఒకటి ఉండాలి కదా. కంట్రోల్ అంటాం. చూడండి, వేసిన చోట చుక్క లేదు, వేయని చోట ధార!”

డీలర్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఖాదర్ భాయ్ మాత్రం ఆ వానలోనే మెట్లెక్కి డాబా మీదికి వెళ్లి వచ్చాడు. “నిజమే భయ్. అంతటా తెల్లగున్నది. గీ గది మీద ఒక్కటే నల్లగున్నది.”

అమ్మ మెల్లగా నా దగ్గరికి వచ్చింది. “డాబా మొత్తం వేయించానని చెప్పావు నాతో.”

“నీకు ముందే తెలిస్తే ఫలితం మీద ప్రభావం పడుతుందమ్మా.”

“ఇన్ని గదులుండగా నా గదే ఎందుకు?”

“నేను ఎంపిక చేయలేదమ్మా, పక్షపాతం లేకుండా చీటీలు వేశాను. నీ గది వచ్చింది.”

“నా మీద చీటీలు వేశావా? నీ గది కూడా వేశావా చీటీల్లో?”

“నా గదిలో కంప్యూటరు ఉంది కదా. అందుకని దాన్ని మినహాయించాను.”

“అలాగైతే అది యాదృచ్ఛిక ఎంపిక ఎలా అవుతుందమ్మాయ్?” అన్నారు విశ్వనాథం గారు గుమ్మం దగ్గర నుంచి. “అది పక్షపాతమే!”

“మీరన్నా చెప్పారు సారూ,” అంది అమ్మ కళ్లొత్తుకుంటూ.

డీలర్ల నవ్వుకు వాన చప్పుడు వినిపించలేదు. అమ్మ మంచం మీదే, తడవని కొసన కూర్చుని, ఖాదర్ భాయ్ తన ఆర్డరు రాశాడు. ఆయన రాస్తే మిగతావాళ్లు రాస్తారని చెప్పాను కదా. తడి చేతులతో, ఒకరి వీపు మీద ఒకరు కాగితం పెట్టుకుని రాశారు. యాదగిరి గారు ఏడుస్తూ నవ్వుతూ అందరికీ చాయ్ అందించాడు. ఆ చాయ్ పెట్టింది కూడా మా అమ్మే, తడిసిన చీర మార్చుకోకుండానే. నాకు మాత్రం ఇవ్వలేదు.

గోడౌను ఖాళీ అయింది. ఒప్పందం మీద సంతకాలు జరిగాయి, ఢిల్లీ బృందం వచ్చి పరిశ్రమతో మా గాఢమైన అనుబంధాన్ని మెచ్చుకుని వెళ్లింది. సంతకాల సభలో “మా అమ్మాయి రెండు మాటలు మాట్లాడుతుంది” అని విశ్వనాథం గారు అనగానే, యాదగిరి గారు కుర్చీలోంచి ఒక్క దూకు దూకి మైకు లాక్కుని దాని వైరు కూడా పీకేశాడు. ఆ ఒప్పందంలో ఆయన పట్టుబట్టి రాయించిన షరతు ఒకటుంది. పరీక్షలన్నీ నేను చేయవచ్చు, డీలర్ల మీటింగు జరిగే హాలు దరిదాపులకు మాత్రం రాకూడదు.

అయితే మరుసటి ఏడాది ఆయన మీటింగుకు విశ్వవిద్యాలయం తరఫున ముఖ్య అతిథి లేకపోలేదు. మా అమ్మ వెళ్లింది. పట్టుచీర కట్టుకుని, శాలువా కప్పించుకుని, మైకు ముందు నిలబడి, “వేసిన చోట కారలేదు. వేయని చోట నేను పడుకున్నాను,” అని చెప్పి కూర్చుందట. అంతే ఉపన్యాసం. ఆర్డర్లు రాయడానికి బల్లలు చాలలేదని, ఖాదర్ భాయ్ లేచి నిలబడి సలాం చేశాడని యాదగిరి గారు నాకు ఫోన్ చేసి చెప్పాడు. అమ్మ బిర్యానీ పొట్లంతో తిరిగొచ్చి, నా ముందే కూర్చుని మొత్తం తనే తిన్నది.

కాబట్టి సరస్వతీ నిలయమైన మా ల్యాబు సాక్షిగా, షవర్ల సాక్షిగా, యావత్ శాస్త్ర ప్రపంచం ఎదుట నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. భోజనాలకు ముందు ఇకమీదట నోరు తెరవను. కన్నతల్లిని ఇంకెన్నడూ ప్రయోగంలో కంట్రోలుగా వాడను. ఎంత అవసరం వచ్చినా, ఎంత గొప్ప పత్రికలో అచ్చయ్యే అవకాశం ఉన్నా వాడను. ఈ వానాకాలం ప్రయోగానికి విశ్వనాథం గారి గది తీసుకున్నాను. ఆయనకు ఇంకా చెప్పలేదు, తెలిస్తే ఫలితం మీద ప్రభావం పడుతుంది.